ఎర్ర గుడ్డ కట్టిన వైపు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. రాత నిదానం, తప్పులుంటే మన్నించండి. కోళికోడ్ పెద్దాసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్న ఇద్దరి మాటలివి. ఒకరు బజారు హమాలీ, ఇంకొకరు అతన్ని ‘ఇక్కా’, అంటే అన్నా, అని పిలిచే గోదాము గుమాస్తా. వాళ్లతో బరువులు మోసే అవరాన్ లోపల వార్డులో ఉన్నాడు.

“పోలీసులు అడిగితే అవరాన్ కాలు జారిందని చెప్పు, ఇక్కా.”

“జారలేదు. పెట్టె అతని మీదికి ఒరిగింది.”

“బరువు వైపు ఎర్ర గుడ్డ కట్టామా, లేదా?”

“గుడ్డ ఉంది. ఆ వైపు బలమున్నవాడు పట్టాలి, అది మన రివాజు. అందుకే నేను పట్టాను. ముసలాడివి, తేలిక వైపు ఉండమని అవరాన్‌ని అటు పంపాను. మరి నా వైపు దూదిలా లేచిందేం?”

“లారీలోంచి దించేటప్పుడు గుడ్డ ఊడిపోయింది.”

“మళ్లీ కట్టిందెవరు?”

“నేనే. తొందరలో చేతికందిన వైపు కట్టేశాను.”

“కదిపైనా చూడలేదా?”

“చూడలేదు. ఇది బయటపడితే నా ఉద్యోగం పోతుంది, ఇక్కా.”

“అతనికి నడుం కింద స్పర్శే పోయింది. కాలు జారిందంటే తప్పు అతనిదేనని వాళ్లింటికి పరిహారం కూడా ఇవ్వరు.”

“నీ కాళ్లు పట్టుకుంటాను.”

“నా కాళ్లు బాగానే ఉన్నాయిలే. తెలివొచ్చిన దగ్గర్నుంచీ అవరాన్ ఒకటే అడుగుతున్నాడు, ‘నేనేం తప్పు చేశాను’ అని. లోపలికెళ్లి నువ్వే చెప్పు.”

గుమాస్తా లేచి వార్డు గుమ్మం దాకా వెళ్లాడు. చెప్పులు విడిచాడు. కాసేపు అక్కడే నిలబడి, మళ్లీ తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

రాసింది నబీసుమ్మ, డెబ్బై రెండేళ్లు. ఇప్పుడుంటున్నది బేపూర్‌లో.