పక్షవాతం వేషం

మధ్యాహ్నం, మంగలి షాపు. కుర్చీలో మొహం నిండా నురగతో బావమరిది, వెనక కత్తితో బావ, ఎదుటి బెంచీ మీద వంతు కోసం కూర్చున్న రిటైరైన మాస్టారు. ఆస్పత్రి వాళ్లతో చేతులు కలిపి, గడ్డాలు గీస్తూనే వచ్చినవాళ్లకి రక్తపోటు చూసిపెట్టే పని బావ ఇన్నాళ్లూ చేశాడు. ఆ మిషన్ ఉండే బల్ల ఇవాళ ఖాళీగా ఉంది.

"అయితే పట్టుకుపోయారా బావా?"

"పట్టుకుపోయారు. గోడ మీద గుండె బొమ్మ కూడా పీక్కుపోయారు. తల తిప్పకు."

"ఎందుకట?"

"ఎందుకేంట్రా? పోటు ఎక్కువుంది, వెళ్లి చూపించుకో అని నేను పంపినవాళ్లలో ఒక్కడైనా ఆస్పత్రి గడప తొక్కితేగా! 'మీరు బాగానే చేశారు, జనమే రాలేదు' అంది నర్సమ్మ. ఆవిడ తప్పేముంది."

"వింటున్నారా మాస్టారూ? మిమ్మల్ని కూడా వెళ్లమన్నాడుగా మా బావ."

"వెళ్దామనే అనుకున్నానయ్యా. మోకాలి నొప్పి తగ్గాక... అదీగాక ఆ బిళ్లలు మొదలెడితే జన్మంతా మింగాలటగా?"

"చూశావా? ఒకాయనకి మోకాలు, ఇంకొకాయనకి కూతురి పెళ్లి పనులు, నీకేమో..."

"నాకేంటి?"

"నీకు బద్ధకం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మన టైలర్ పెద్దాయన ఈ కుర్చీలోనే కూర్చుని, 'ఈ ఒక్కసారికీ తక్కువుందని చెప్పవయ్యా, మా ఆవిడ కంగారు పడుతుంది' అన్నాడు. పోయిన నెల మిషన్ తొక్కుతూ తొక్కుతూ దాని మీదే వాలిపోయాడు. ఏం చెప్పి ఏం లాభం?"

"ఊరుకో బావా, ఆయన రాత అది. మరి నీది చూసుకున్నావా ఎప్పుడైనా?"

"నాదా? రోజంతా నిలబడి పనిచేసేవాణ్ణి, నాకేం పోటురా?"

"అవున్లే, నువ్వే పెద్ద పోటుగాడివి!"

"నవ్వకు, తెగుతుంది."

"సరే గానీ, షాపుకొచ్చినవాళ్లకి వేసి చూపిస్తావటగా, ఆ పక్షవాతం వేషం ఒక్కసారి వెయ్యి బావా. మూతి వంకర తిప్పి, చెయ్యి వాల్చేసి, మాట తడబడిపోతూ... అందరూ చూశారట, నేనూ మాస్టారూ తప్ప."

"వెయ్యను. జబ్బు గుర్తులు తెలుసుకుంటారని వేస్తే, జనానికి నవ్వొక్కటే గుర్తుంది. ఇక జన్మలో వెయ్యను."

"బావమరిది అడిగినా?"

"వెయ్యనన్నానా! పొద్దుటి నుంచీ తల దిమ్ముగా ఉంది, విసిగించకు. ఆ... ఆ గొడుగు ఇటివ్వు."

"గొడుగేంటి?"

"అదే... మొహం తుడుచుకునే... గొడుగు."

"తువ్వాలా? హహ్హ! మాస్టారూ, మొదలెట్టాడండోయ్!"

"కాదు... తాళం... నీ గడ్డం తాళం..."

"గడ్డానికి తాళమా! పొట్ట చెక్కలవుతోంది బావా! వెయ్యను వెయ్యను అంటూనే..."

"ఒ... ఒరే... కా... కాదూ..."

"అబ్బాయ్, కత్తి! కత్తి జారింది!"

"అమ్మో! ఒళ్లో పడేశావేంటి బావా! నిజం కత్తితోనా నీ వేషాలు? కొంచెంలో తప్పింది!"

"నిజం కత్తయితేనేగా రక్తి కట్టేది. ఆ మూతి చూడవయ్యా, ఎంత వంకర తిప్పాడో! బళ్లో ఇన్నేళ్లు నాటకాలు వేయించాను, ఇలాంటివాడు ఒక్కడూ దొరకలేదు నాకు."

"నేల మీద కూలబడ్డాడు కూడా. చూడండి, ఎలా ఒరిగిపోతున్నాడో!"

"ఆ... ఆస్... ఆస్..."

"ఆస్పత్రి! ఇదేనండీ మావాళ్లు చెప్పింది. ఆస్పత్రి అనబోయి అనలేకపోతాడు, చూసేవాళ్లే ఆ మాట అందుకోవాలట. అందుకున్నాం బావా, ఇక లే!"

"లేవడేం?"

"తొందరపడకండి మాస్టారూ. ఆఖర్న గభాల్న లేచి, 'ఇలా చూస్తూ కూర్చుంటే నేను పోయినట్టే!' అంటాడట. అప్పుడందరూ చప్పట్లు కొట్టాలి."

"ఓహో! కొడదాం, కొడదాం."

"బావా, నా మొహమ్మీద నురగ ఎండిపోతోంది. ఆ మాటేదో అనేసి లే."

"ఊ... ఊఁ..."

"ఇంకా సాగదీస్తున్నాడు! మిషన్ పోయిందన్న కసి అంతా ఇందులో చూపిస్తున్నాడండీ."

"ఏరా తమ్ముడూ, వీధి చివరికి వినిపిస్తున్నాయి మీ నవ్వులు. అన్నానికి ఇంకా రాడేంటా అని నేను ఎదురుచూస్తుంటే... ఈయన కింద కూర్చున్నాడేంటి?"

"ష్! సమయానికొచ్చావు అక్కా. బావ వేషం వేస్తున్నాడు, నేను అడిగానని."

"ఎంతసేపైంది?"

"చాలాసేపైంది. నవ్వీ నవ్వీ మాస్టారికి దగ్గొచ్చింది. ఎంత బాగా చేస్తున్నాడో చూడక్కా, కళ్లల్లో నీళ్లు కూడా తెప్పించాడు!"

"ఒరేయ్... ఆ నాటకమంతా నా ముందే నేర్చుకున్నాడురా ఆయన. అందులో ఏడుపు లేదు."