కొట్టం తలుపు

(ఇంగ్లండులో ఉత్తరాన కొండల మధ్య ఒక గొర్రెల రైతు ఇల్లు. ఊళ్ళో పశువులకి గాలికుంటు జబ్బు వచ్చిన ఏడు. ఏప్రిల్, పొద్దు వాలుతోంది.)

"పోయిన ఏడు ఏప్రిల్ ఆరు. నాకు బాగా గుర్తమ్మా. మీరు కట్టిచ్చిన రొట్టెలు, పందిమాంసం కూరి కాల్చినవి, చెరొకటి తిన్నాం. ఊరేసిన ఉల్లిపాయలు. ఆ తర్వాత అమోస్ గారు జేబులోంచి ఒక ఆపిల్ తీసి కత్తితో రెండు చేశారు. అప్పటికి మా ఆవిడ పోయి నెలన్నా కాలేదు. ఆయన ఒక్క ఓదార్పు మాటా అనలేదు. పెద్ద ముక్క నాకిచ్చారంతే."

"పిమ్ మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. ఏం తిన్నారని కాదు, ఎక్కడ తిన్నారని అడిగాను."

"పాత మఠం దగ్గర. ఆ పడిపోయిన గోడ మీద కూర్చుని..."

"మఠానికి వెళ్ళొచ్చాను. లేడు. చర్చిలో లేడు. రాతి వంతెన కింద కూడా చూశాను."

"కూర్చోండి ఈనిడ్ గారూ. ఒక్క నిమిషం. మీ ఆయన ఊళ్ళోకి ఏమైనా..."

"కూర్చోను. తుపాకి అలమారా తెరిచి ఉంది మాస్టారూ. ఖాళీగా ఉంది."

"అయ్యో. పోలీసులకి..."

"చెప్పాను. బయల్దేరామన్నారు. ఈ కొండలు వాళ్ళకేం తెలుసు? మీరు ఏటా మా ఇంట్లో దిగుతారు. ఏటా మిమ్మల్ని ఆ పాత రాళ్ళన్నీ తిప్పుతాడు. నాతో నాలుగు మాటలు ఆడని మనిషి, మీతో రాళ్ళ గురించి పొద్దుగూకే దాకా మాట్లాడతాడు. మఠం తర్వాత మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్ళాడో చెప్పండి."

"ఉండండి, గుర్తు చేసుకోనివ్వండి. ఆ చప్పుడొకటి..."

"కొట్టం తలుపు. గాలికి కొట్టుకుంటోంది. సర్కారు వాళ్ళు మా మందని చంపిన రోజు నుంచీ అంతే. తను వెయ్యడు, నన్ను వెయ్యనివ్వడు. లోపల ఏముందని వేస్తావ్ అంటాడు. కాస్త గాలి లేస్తే చాలు, రాత్రంతా అదే మోత. మీకూ వినపడే ఉంటుంది."

"వినపడింది. అడగలేకపోయాను."

"చెప్పండి మాస్టారూ!"

"సన్యాసుల దొడ్డి! మఠం వాళ్ళు గొర్రెల్ని తోలుకునే పాత రాతి దొడ్డి, కొండ మీద. ఎక్కుతుంటే నాకు ఆయాసం వస్తే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు."

"అక్కడ మీరేం చెప్పారు?"

"ఏదో చరిత్ర."

"ఏం చరిత్ర?"

"ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట ఆ మఠం మందకి జబ్బు తగిలి, మంద మొత్తం ఆ దొడ్డిలోనే చచ్చిపోయిందని."

"అయ్యో మాస్టారూ."

"నాకేం తెలుసమ్మా. పోయిన ఏడు అది వట్టి కథ."

"పదండి. బూట్లు వేసుకోండి."

"ఈనిడ్ గారూ, ఇక్కడ బోర్డు పెట్టారు. దారి మూసేశారట."

"బోర్డు దాటి రండి. కానీ జబ్బు అంటకుండా పెట్టిన ఆ మందునీళ్ళలో బూట్లు ముంచండి, అది మాత్రం మానకండి. మావి పోయాయి. అవతలి కొండ వాళ్ళవి ఇంకా బతికున్నాయి."

"మీ మందకి జబ్బు రాలేదని విన్నాను."

"రాలేదు. ఒక్కదానికీ రాలేదు. కంచె పక్కన వాళ్ళకొచ్చింది, మావి ఆనుకుని ఉన్నాయి కాబట్టి మావీ చంపాలన్నారు. పరాయి చెయ్యి తగిలితే బెదురుతాయని ఆయనే ఒక్కొక్కదాన్నీ పట్టుకొచ్చి నిలబెట్టాడు. ఈనే రోజులు మాస్టారూ. సగం చూలువి."

"మళ్ళీ కొనుక్కోవచ్చు కదా, డబ్బిస్తామన్నారట..."

"మీరు కూడా అదే మాట! ఆ పై కొండకి కంచె లేదు, చూశారుగా? అయినా మా గొర్రె మా హద్దు దాటదు. ఎందుకంటే దాని తల్లి దాటలేదు. ఆ తల్లికి దాని తల్లి చూపించింది. మా ఆయన ముత్తాత నాటి నుంచీ అంతే. సంతలో కొన్నదాన్ని తెచ్చి వదిలితే, సాయంత్రానికి ఎక్కడ తేలుతుందో దానికే తెలీదు. పోయింది వట్టి గొర్రెలే అయితే ఆయన మళ్ళీ లేచేవాడు మాస్టారూ."

"మీరు అంత వేగంగా నడిస్తే..."

"ఆగండి. ఈ గేటు తెరిచి ఉంది."

"అయితే?"

"అయితే ఇటు రాలేదు. పెళ్ళయి ముప్పయ్యేళ్ళు దాటింది, ఆ మనిషి గేటు తెరిచి వదలడం నేను చూడలేదు. పెళ్ళినాడు చర్చి నుంచి వస్తుంటే బండి ఆపించి, కొత్త బూట్లతో బురదలో దిగి, ఎవరిదో గేటు వేసొచ్చాడు. మా అమ్మ అప్పుడే అంది, నువ్వు రెండో పెళ్ళానివే, మొదటిది గేటు అని."

"దొడ్డికి ఇంకో దారి ఉందా?"

"వాగు పక్క నుంచి ఉంది. చుట్టు. రండి, రండి."

"ఇదిగో గేటు. ఇది వేసే ఉంది. గొళ్ళెం కూడా పెట్టి ఉంది."

"అయితే ఇటే! అమోస్! అమోస్!"

"మెల్లిగా అమ్మా, జారుతుంది."

"అమోస్!"

"ఈనిడ్ గారూ. బురద మీద అడుగులేం లేవు."

"ఉంటాయి. గేటు వేసుంది కదా."

"ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఆయన గేటు ఎందుకు వేస్తారు?"

"ఇదేం ప్రశ్న? గొర్రెలు బయటికి పోకుండా."

"గొర్రెలు లేవు కదమ్మా."

"ఏమిటంటున్నారు?"

"కొట్టం తలుపు కూడా వెయ్యడం లేదన్నారు."

"దేవుడా. దేవుడా! ఆ తెరిచున్న గేటు దాకా వచ్చి నేనే వెనక్కి తిప్పాను. పరుగెత్తండి మాస్టారూ. మీకు ఆయాసమైతే ఇక్కడే కూర్చోండి, నేను పోతాను."

"వస్తాను. పదండి, వస్తాను."

"వెలుతురు పోతోంది."

"ఇంకా ఉంది. కొండ మీద ఇంకాసేపు ఉంటుంది."

"అదిగో, పై గేటు కూడా తెరిచే ఉంది. ఇటే వెళ్ళాడు. దేవుడా, ఏ చప్పుడూ వినపడనీయకు. ఏ చప్పుడూ వద్దు, నేను చేరేదాకా."

"ఆ గోడ దగ్గర! టోపీ కనపడుతోంది."

"కదులుతోందా? నేను చూడలేను మాస్టారూ. కదులుతోందేమో మీరు చెప్పండి."

"కదిలింది."

"అమోస్!"

"ఎందుకొచ్చావ్ ఈనిడ్? కోటు కూడా వేసుకోలేదు."

"అది కింద పెట్టు."

"ఏది?"

"నీ ఒళ్ళో ఉన్నది."

"మాస్టారుని కూడా లాక్కొచ్చావా? ఆయాసం మనిషిని."

"నేనే వచ్చాను అమోస్ గారూ. ఏటా మీరు తీసుకొచ్చేవారు. ఈ ఏడు మీరు లేక దారి తప్పాం."

"దారి మూసేశారు. మీకు జరిమానా వేస్తారు."

"వెయ్యనివ్వండి."

"మాస్టారూ, ఒకటి అడగాలి. ఈ సన్యాసుల మంద మొత్తం పోయిందన్నారు, ఆ రోజు. ఆ తర్వాతేమైందో నేను విననే లేదు. పొద్దుపోతోందని మాట మార్చేశాను. అప్పుడు నాకేం అవసరం? ఇప్పుడు చెప్పండి. తర్వాతేం చేశారు వాళ్ళు?"

"నాకు తెలియదు."

"మీకు తెలియదా?"

"ఎవరూ రాసిపెట్టలేదు. కల్పించి చెప్పమంటే చెప్తాను."

"వద్దు."

"నాకు తెలిసింది ఈ గోడలే. మీరు ఆనుకున్న గోడ నల్లరాయి. ఎదురుగా ఉన్నది తెల్లరాయి. రెండూ ఒకే చెయ్యి కట్టినవి కావు. ఇది పాతది. అది బాగా తర్వాత, ఎవరో వచ్చి ఎత్తింది."

"ఎన్నాళ్ళ తర్వాత?"

"తెలియదు."

"అది గొర్రెలకే కట్టారని ఏముంది?"

"దాని అడుగున ఆ కంత చూడండి. మనిషి పట్టడు."

"గొర్రె పడుతుంది."

"అదే నేననేది."

"చూశాను మాస్టారూ. మధ్యాహ్నం నుంచీ ఆ కంతనే చూస్తున్నాను. మా పొలంలోనూ అలాగే పెడతాం. కానీ ఆ కొత్త మందకి ఈ కొండ ఎవరు నేర్పారు? పక్కన మనిషి నిలబడాలి. పొద్దస్తమానం, వానలో, మంచులో, ఏళ్ళ తరబడి. దాటబోతే తిప్పాలి, మళ్ళీ దాటబోతే మళ్ళీ తిప్పాలి. నాకు అరవై దాటాయి."

"నేను నిలబడతాను."

"నీ మోకాళ్ళతోనా ఈనిడ్?"

"కుర్చీ తెచ్చుకుని కూర్చుంటాను. గొర్రెలకి నేను నిలబడ్డానో కూర్చున్నానో ఏం తెలుస్తుంది?"

"తెలుస్తుంది. నవ్వుతాయి."

"నవ్వనీ."

"అమోస్ గారూ, నా కోటు జేబులో ఒక ఆపిల్ ఉంది. కత్తి మీ దగ్గరుందా?"

"ఎప్పుడూ ఉంటుంది."

"కోస్తారా? కాకపోతే, కొయ్యాలంటే ఒళ్ళో ఉన్నది నాకివ్వాలి."

"మీకు పట్టుకోవడం చేతకాదు."

"చేతకాదు. ఈ పూటకి పట్టుకుంటాను."

"ఉండండి. తూటాలు తీయనివ్వండి. ఇదిగో. గొట్టం నేలకి... మాస్టారూ, నేలకి! నా కాలికి కాదు."

"మూడు ముక్కలు చెయ్యి అమోస్. నేనూ ఉన్నాను ఇక్కడ."

"చేస్తున్నా, చేస్తున్నా. ఏడవకు. ఇదిగో, తిను."

"మాస్టారూ. దిగుతూ పై గేటు దాటాడు, వెయ్యలేదు."

"మెల్లిగా అనండి. మన ముందే నడుస్తున్నారు, వింటారు."

"కింది గేటు కూడా అలాగే వదిలేశాడు. చూశారా?"

"చూశాను. ఇంటివైపే నడుస్తున్నారు కదా. ప్రస్తుతానికి అది పట్టుకుందాం."

"అమోస్, లోపలికి రా. టీ పెడతాను."

"మీరు వెళ్ళండి. వస్తాను."

"ఎక్కడికి?"

"వస్తానన్నాగా."

"నేనూ వస్తాను."

"వద్దు ఈనిడ్. లోపలికెళ్ళు."

"కొట్టం వైపే వెళ్తున్నాడు మాస్టారూ. ఆ చీకట్లోకి."

"తుపాకి నా చేతిలో ఉంది అమ్మా."

"తాళ్ళు మీ చేతిలో లేవు. ఆ కొట్టం నిండా తాళ్ళే. దూలాలున్నాయి."

"నేను వెళ్ళి చూడనా?"

"వెళ్ళండి. వద్దు, ఆగండి. వెనకే వచ్చామని చూశాడంటే ఇంక జన్మలో మన మొహం చూడడు. ఏం చెయ్యను? చెప్పండి, ఏం చెయ్యను?"

"కాస్త ఆగుదాం. నా చెయ్యి పట్టుకోండి."

"వినండి. నాకు చెవుల్లో నా గుండే కొట్టుకుంటోంది. మీకేమైనా వినపడుతోందా?"

"లేదమ్మా. ఏమీ లేదు."

"సరిగ్గా వినండి!"

"వింటున్నాను. ఏ చప్పుడూ లేదు. గాలి, అంతే."

"గాలి ఉందా?"

"ఉంది. ఇందాకటి కంటే పెరిగింది."

"అయితే కొట్టం తలుపు వేశాడు మాస్టారూ."