పుస్తకానికి ఆశ్రయం

సరిహద్దు దగ్గరి ఇరుకు గదిలో అధికారిణి పుస్తకాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దాన్ని రాసిన న్యాయశాస్త్రం మాస్టారిని మాత్రం నిలబెట్టే ఉంచింది. ఆయన కాళ్ళు పీకుతున్నాయి.

“మొత్తం చదివాను మాస్టారూ. ప్రాణభయంతో వచ్చినవాళ్ళని వెనక్కి పంపకూడదని ఎంత బాగా రాశారండీ! కన్నీళ్ళు ఆగలేదు.”

“సంతోషం అమ్మా. మరి నన్ను లోపలికి...”

“ఉండండి. మీ దేశంలో ఈ పుస్తకాన్ని ఏం చేశారు?”

“దొరికినవన్నీ కాల్చేశారు. కట్టుబట్టలతో, దీన్ని చంకన పెట్టుకుని పారిపోయొచ్చాను.”

“అయ్యో పాపం! అందుకే దీనికి ఆశ్రయం ఇచ్చేశాం. ఎండ తగలని అల్మారా, దుమ్ము దులపడానికి ఒక మనిషి.”

“చల్లగా ఉండు తల్లీ. మరి నా సంగతి?”

“మీకేమైందండీ? నిక్షేపంగా ఉన్నారుగా! సాయంత్రం బండికి వెనక్కి పంపేస్తాం.”

“వెళ్తే నన్ను చంపేస్తారమ్మా! దాన్ని రాసింది నేనే.”

“సాక్ష్యం ఏముంది?”

“అట్ట మీద నా పేరుంది. చూడు!”

ఆమె గబుక్కున అట్టను రెండు చేతులతో కప్పేసింది.

“తప్పు మాస్టారూ. ఆశ్రయం పొందినవాళ్ళ వివరాలు బయటివాళ్ళకి చూపించకూడదు. చివరి అధ్యాయంలో మీరే రాశారు.”