జంట వెనకాల బెంచీ

హిందీ మాట్లాడే ఓ ఉక్కు కార్ఖానా ఊరు. అక్కడి బిర్సానగర్ పేటలో, ఓ తెలుగువాళ్ల చిన్న ఇంటి వరండా. కుండీలకు నీళ్లు పోస్తున్న చిలకమ్మ. గుమ్మంలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమె కూతురు యోగిత.

"మళ్లీ అడుగుతన్నాను. ఆదివారం ఎక్కడికెళ్లావమ్మా?"

"సెప్పినాను కదే. కాసిడీహ్. మీ దాలమ్మ పెద్దమ్మ ఇంటికి."

"ఎందుకు?"

"పీస్ లిలీ పిలకలు ఇత్తానన్నాది. తెచ్చుకుందామని ఎల్లినాను."

"ఇచ్చిందా?"

"ఇచ్చినాది."

"ఏవి మరి?"

"అవా... ఏళ్లు రావాలని నీళ్లల్లో ఏసినాను."

"ఏ నీళ్లల్లో? ఇక్కడున్నవన్నీ మనీప్లాంట్ సీసాలే."

"ఓలమ్మ, ఠాణాలో అడిగినట్టు అడుగుతన్నావేటి. ఆ తడిగుడ్డ ఇలగియ్యి. కార్ఖానా మసి సూడు. నిన్ననే తుడిసినాను, ఆకు మళ్లీ నల్లగైపోనాది. ఈ ఊళ్లో మొక్కకి ఒళ్లు తుడిత్తే గానీ ఊపిరాడదు."

"మొక్కల సంగతి తర్వాత. పెద్దమ్మ పొద్దున ఫోన్ చేసింది. మీ అమ్మ ముఖం చూసి రెండు నెలలు దాటింది, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది."

"దానికి మతిమరుపు."

"పెద్దమ్మకా? మనవలందరి పుట్టినరోజులూ నోటికి చెప్తుందావిడ."

"అయితే నానే మర్సిపోనాను. సాక్చి బజారుకెల్లుంటాను."

"ఒక్క ఆదివారమైతే నేనూ అడగను. నేను షూట్‌కని కెమెరా బ్యాగు తగిలించుకుని వెళ్లడం, నువ్వు తాళం వేసి బయల్దేరడం. ఎదురింటి ఆంటీ చెప్పింది. మంచి చీర కట్టుకుని మరీ వెళ్తోందట మీ అమ్మ."

"ఎదురింటిదానికి పనేటున్నాది. దాని గుమ్మంలో తులసి మొక్క బతకదు గానీ, పరాయోళ్ల తాళాల మీద మాత్రం కన్ను."

"మాట మార్చకు. సచ్ సచ్ బతావో."

"ఈ రబ్బరు మొక్కకి నీళ్లు పొయ్యనీ ముందు."

"ఆ రబ్బరు మొక్క పక్కన ఇంకో రబ్బరు మొక్క ఉండాలి. పెయింటు బకెట్లోది. నాన్న తెచ్చింది. అదేది?"

"సచ్చిపోనాది."

"ఎప్పుడు?"

"పోనాది ఎప్పుడో. ఏళ్లు కుళ్లిపోనాయి. మొక్కలన్నాక బతుకుతాయి, సత్తాయి."

"నీ చేతిలో మొక్క చావడం నేను పుట్టాక చూడలేదు. సరే, ఇలా వచ్చి ఇది చూడు."

"ఏటది?"

"మొన్నటి షూట్. జూబ్లీ పార్కులో. వచ్చే నెల పెళ్లట వీళ్లకి. ఫౌంటెన్ దగ్గర నిలబెట్టి తీశాను."

"బాగున్నాది. గుంట చక్కగున్నాది. గుంటడే బిగుసుకుపోనాడు. కొంచెం దగ్గరకి జరగమనలేదేటి?"

"అన్నాను. వాళ్లని కాదు, వెనకాల చూడు. చెట్టు కింద బెంచీ."

"ఎవులో కూసున్నారు."

"ఎవరు?"

"పార్కన్నాక పదిమంది కూసుంటారు. నాకేటి తెలుసు."

"ఆగు, పెద్దది చేత్తాను. ఇప్పుడు?"

"కంటద్దాలు నేవు నాకు."

"తల మీదున్నాయి."

"ఓహో. ఇక్కడెట్టినానా."

"పెట్టుకో. ఎవరమ్మా అది?"

"ఎవులో. కొంచెం నాలాగే ఉన్నాది కదూ. మనిసిని పోలిన మనుసులు ఏడుగురుంటారంట."

"ఏడుగురికీ ఈ చీరే ఉంటుందా? నా మొదటి షూట్ డబ్బులతో నేను కొన్న చీర ఇది. పోనీ ఆ బకెట్ చూడు. దాని మీద మీసాలున్న సూర్యుడి బొమ్మ ఎవరేశారు? రెండో క్లాసులో నేనే వేశాను. సూర్యుడికి మీసాలేటే అని నాన్న ఎంత నవ్వాడో. చచ్చిపోయిందన్న మొక్క బకెట్‌తో సహా పార్కుకెలా వెళ్లింది?"

"ఒలే, కూతురివా, సీఐడీవా."

"పక్కనున్న ఆయనెవరు?"

"ఏ ఆయన?"

"అమ్మా."

"ఆయనా. ఎవులో పెద్దమనిసి. ఇంకే బెంచీ ఖాళీ నేదని వచ్చి కూసున్నాడు."

"తెలీని పెద్దమనిషి మన బకెట్ రెండు చేతులా పట్టుకున్నాడు. నువ్వు చీర చెంగుతో ఆ ఆకులు రుద్దుతున్నావు."

"మొక్కలంటే ఇట్టమున్న మనిసి. మొక్కల మాటలు రెండు మాటాడుకున్నాం. తప్పేటి?"

"ఒక్కసారైతే తప్పు లేదు. ఇది చూసి పాత ఫోల్డర్లన్నీ తెరిచాను. ఇదిగో, ఇది అంతకుముందు ఆదివారంది. వేరే జంట, అదే బెంచీ, అదే పెద్దమనిషి. ఒళ్లో వేరే కుండీ. ఇది ఇంకో వారంది. ఇక్కడ మీ ఇద్దరి మధ్యా టీ గ్లాసులు కూడా ఉన్నాయి."

"నీకు ఊరంతా ఉన్నాది కదే, ఎప్పుడు సూసినా ఆ పార్కే దొరికినాదా ఫోటోలకి?"

"నీకూ ఊరంతా ఉంది కదా. తప్పు కాకపోతే పెద్దమ్మ ఇల్లు ఎందుకు అడ్డం పెట్టావు?"

"సెప్తే ఇదిగో, ఇలగే ఠాణా పెడతావని."

"చూడమ్మా, నా పనేటో నీకు తెలుసు. డిమ్నా లేక్ గట్టు మీద, దోముహానీ ఏటి ఇసకలో, ఎండలో నిలబడి జంటల్ని తీత్తాను. చెయ్యి పట్టుకో, కెమెరాని కాదు తనని చూడు అని గొంతు పోయేలా చెప్తాను. రోజంతా తీస్తే ఎక్కడో ఒక్క ఫోటోలో వస్తుంది ఆ చూపు. అది వచ్చిన రోజు నాకు ఆకలి కూడా వెయ్యదు, అంత సంతోషం. ఇక్కడ నేనేం చెప్పలేదు, ఆయన్ని నేను చూడనైనా లేదు. అయినా చూడు, నిన్నెలా చూత్తన్నాడో."

"ఆకుల్ని సూత్తన్నాడేమో."

"ఆకులు నీ ముఖం మీద లేవు కదా."

"ఒలే గుంటా, పెళ్లి కాని పిల్లల్ని నిలబెట్టి నుదురుకి నుదురు ఆనించమంటావు. దానికి నీకు డబ్బులూ ఇత్తారు, లైకులూ ఇత్తారు. మీ అమ్మ మూరెడు ఎడంగా బెంచీ మీద కూసుంటే మాత్రం నేరం."

"నేరమని నేననలేదు."

"మరి ఏటంటన్నావు?"

"భయమేసిందంటన్నాను. నాన్న పోయాక ఈ ఇంట్లో ఉన్నది మనిద్దరం. అన్నం తిన్నా, తినకపోయినా ఒకరికొకరం చెప్పుకున్నాం. నీకు ఇంకో మనిషి కావాలనుంటే వద్దంటానా? కానీ ఎదురింటి ఆంటీకి తెలిసింది నాకు తెలియకపోవడమేటి? రేపు నువ్వు ఇల్లు కూడా చెప్పకుండానే మార్చేత్తావేమో అనిపించింది. నిన్నటి నుంచి ముద్ద దిగడం లేదు నాకు."

"ఏడవకే. దాయడం నీ దగ్గరే నేర్సుకున్నాను."

"క్యా మతలబ్?"

"మతలబు సెప్తాను. ఆయన పేరు నీలకంఠం. జుగ్సలాయిలో గోనెసంచుల గోడౌను ఉన్నాది."

"ఏ నీలకంఠం?"

"జుగ్సలాయిలో గోనెసంచులమ్మే నీలకంఠాలు ఎంతమందున్నారేటి? సుమన్ వాళ్ల నాన్న."

"సుమనా? ఏ సుమన్?"

"ఇప్పుడు కంటద్దాలు ఎవులు ఎతుకుతన్నారే? టేసన్లో సిగ్నళ్ల పని సేసే సుమన్. షూట్ అయిపోయినాక నిన్ను బండి మీద సందు సివర దాకా దింపి, గుమ్మం దాకా రాకుండా ఎల్లిపోయే సుమన్."

"నీకు... కబ్ సే తెలుసు?"

"వానలు మొదలైనప్పట్నించి. ఒకనాడు నువ్వు ఇంట్లో నేవు. ఈయన వచ్చి గుమ్మంలో నిలబడినాడు. దెబ్బలాటకే వచ్చినాడు. మావాడు రెండేళ్లై మీ అమ్మాయి కోసం సూత్తన్నాడు, అడిగితే ఇంకా ఆగమంటాది, మా అమ్మ ఒంటిదైపోతాది అంటాది, మావాడికి ఈడు దాటిపోతే ఎవులది పూసీ అని గట్టిగా మాటాడినాడు."

"అయ్యో. ఇంటికొచ్చి అలా అన్నారా? సుమన్ నాకు చెప్పనే లేదు."

"వాడికీ తెలీదు. నాను ఊరుకున్నానేటి? నా కూతుర్ని అనడానికి నువ్వెవులివి అని నానూ రెండన్నాను. అంటా ఉండగానే ఆయన ఆ స్నేక్ ప్లాంట్ వైపు సూసి ఆగిపోనాడు. ఇంత పచ్చగా ఎలగున్నాదండీ అని అడిగినాడు. పెళ్లాం సూరమ్మ కాలం సేసినాక ఆవిడ పెంచిన కుండీలు ఒక్కొక్కటే ఎండిపోతన్నాయంట. పొద్దున్నా నీళ్లు, సందేలా నీళ్లు. పోగొట్టుకున్న మనిసి కదా, భయానికి పోసీత్తన్నాడు. ఏళ్లు కుళ్లిపోవా మరి?"

"అందుకని నువ్వు..."

"సంబంధం కలవకుండా ఆయనింటికి నానెలగెల్తాను? ఆయన మాటిమాటికీ ఇక్కడికొత్తే ఎదురింటిది ఊరుకుంటాదా? అందుకే పార్కు. వారానికో కుండీ స్కూటరు మీదెట్టుకుని తెచ్చేవోడు. నాను కుళ్లిన ఏళ్లు కోసి, మట్టి మార్సి ఇచ్చేదాన్ని. ఎండిపోయిన మోడుకి చిన్న ఆకు లేత్తే ఆయన మొకం సూడాలి. పసిబిడ్డ నడిసినట్టే సంబరం."

"మరి నాన్న తెచ్చిన మొక్క ఆయనకెందుకిచ్చావు?"

"నీకోసమే. ఇది మా ఆయన తెచ్చినది, వానలెలిసేదాకా మీ ఇంట్లో ఉంచండి, అది బతికితే పిల్లనిచ్చే మాట మాటాడుకుందాం అన్నాను."

"మొక్కతో పరీక్ష పెట్టావా?"

"మరేటెట్టాలి? ఉజ్జోగం, జీతం ఎవులైనా సెప్తారు. ఈ మసి పడే ఊళ్లో రోజూ ఆకు తుడిసే ఇల్లు ఏరు, ఒదిలీసే ఇల్లు ఏరు. నాలుగు రోజులు సూసుకోకపోతే మొక్క సెప్పీత్తాది. నువ్వు ఫోటో తీసిననాడు అదే సూత్తన్నాను. చెంగెట్టి ఆకు ముందూ రుద్దినాను, ఎనకా రుద్దినాను. చెంగుకి నలుపు అంటలేదు. తండ్రీ కొడుకులు వంతులేసుకుని తుడిసినారంట."

"సుమన్ తుడిచాడా? వాడు వాడి బండే తుడుచుకోడు."

"తుడిసినాడంట. ఎందుకని అడిగితే, నీ పెళ్లి దాని మీదే ఉన్నాదిరా అని ఆయన సెప్పలేదు. ఊరికే తుడవమన్నాడు. అందుకే నాకు నచ్చినాది. అదేనాడు, ఆ బెంచీ మీదే మాట అనీసుకున్నాం. కార్తీకంలో తాంబూలాలు. అప్పుడే నిన్ను బొహూ అంటన్నాడు. ఒడియావోళ్ల మధ్య పెరిగినాడు కదా, కోడల్ని అలగే అంటాడు."

"నన్ను అడక్కుండానే?"

"రెండేళ్లు తిరిగినప్పుడు నన్ను అడిగినావేటి?"

"అమ్మా. పాగల్ హూఁ మైఁ. నీ గురించి ఏదేదో అనుకున్నాను."

"పోన్లే. ఆ గుడ్డ ఇలగియ్యి."

"నేనే తుడుత్తాను, నువ్వు కూర్చో. వాడికి నిన్ను సాకుగా చెప్పలేదమ్మా. నిజంగానే నువ్వొక్కదానివీ ఎలా ఉంటావని భయం. సాయంత్రం దీపం పెట్టి ఎవరితో మాట్లాడతావని."

"తెలుసు. కానీ నన్ను అడ్డమెట్టుకుని నీ బతుకు ఆపుకుంటే నాకు బాగోదే. సిగ్గేసినాది, ఆయన ఆ మాటంటే. నా వరండాలో ఇన్ని ప్రాణాలున్నాయి. పొద్దున్న లేసేసరికి ఏదో ఒక మొక్కకి కొత్తాకు ఇచ్చుకుంటాది. దాన్ని సూత్తే ఆ రోజుకి సాలు నాకు."

"సాయంత్రానికి?"

"సాయంత్రం నీళ్లు పొయ్యాలి."

"అమ్మా, ఒకటడుగుతాను. ఈసారి అబద్ధం చెప్పకు."

"మళ్లీ ఏటి?"

"నువ్వు ఆకు వెనకాల మసి చూత్తన్నావు. సరే. ఆయనేం చూత్తన్నాడు?"

"ఆ ఫోటో మూసీ."

"మూసేశాను. చెప్పు. ఆయన నీతో ఏమైనా అన్నారా?"

"పెద్దోళ్లం, సవాలచ్చ మాటాడుకుంటాం."

"అమ్మా."

"అడిగినాడు."

"ఏమని?"

"పిల్లలకి పెళ్లి సేసీసినాక, మనిద్దరం రెండిళ్లల్లో రెండు కంచాలెట్టుకోడం దేనికి చిలకమ్మగారూ అని. నాను ఆకు రుద్దుతా ఉంటే అడిగినాడు. నువ్వు అప్పుడే నొక్కినట్టున్నావు ఆ ఫోటో."

"నీకు ఇష్టమేనా? నా ముఖం చూసి చెప్పు."

"ఇట్టమే. మీ నాన్న పోయినాక నా మాట అంతసేపు ఇన్న మనిసి ఇంకొకడు నేడు. ఆదివారం కోసం ఎదురు సూసేదాన్ని, మొక్కల కోసమని నాకు నానే సెప్పుకుని."

"మరి ఆయనకేమని చెప్పావు?"

"ఏటి సెప్తాను? ఆ ఇంటి గుంటడు నీకు కావాలి. వాళ్ల నాన్నని నాను సేసుకుంటే వాడు నీకు అన్న వరసైపోడా? రెండు పెళ్లిళ్లకి ఆ ఒక్క గుమ్మం సరిపోదు కదా. ఆకు మీంచి తల ఎత్తకుండానే తాంబూలాలకి రోజు అడిగినాను. ఆ పూట నుంచీ ఆయన్ని 'అన్నయ్యగారూ' అని పిలుత్తన్నాను."