ఉతకని సన్మాన వస్త్రం

సభాధ్యక్షురాలు శ్రీమతి కాన్‌స్టెన్స్ థర్లో గారికి, మన మిల్లు మ్యూజియం ధర్మకర్తలకు, నాకంటే ముందు ఈ మగ్గాల దగ్గర చేతులు అరగదీసుకున్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ముందుగా నా భాషను మన్నించమని కోరుతున్నాను. మగ్గాల మోతను మించి అరవడం నేర్చిన గొంతు నాది. వాక్యం కట్టడం నలభై దాటాక రాత్రి బడిలో నేర్చుకున్నాను. ఆ బడిలోనే చరిత్ర పట్టా పుచ్చుకున్నాను, వచ్చే సోమవారం నుంచి అక్కడే చరిత్ర చెప్పబోతున్నాను. ఈ మాట కొంత గర్వంగానే చెబుతున్నాను. (చప్పట్లు)

ఇక్కడ నాలా పని విరమించే వారికి, మిల్లు స్థాపకుడు ఎలీషా థర్లో గారి కాలపు ముతక బట్టను అదే నమూనాలో నేసి భుజాల మీద కప్పడం మన ఆనవాయితీ. దాన్ని ముందే బాగా నానబెట్టి, మళ్ళీ మళ్ళీ ఉతికి, పట్టులా మెత్తబరిచి ఇవ్వడం మన మ్యూజియం బట్టలు చూసుకునే రోజలీ గారి చేతి మహిమ. ఈసారి మాత్రం ఉతకవద్దని నేనే బతిమాలాను. "పిచ్చి పట్టిందా అర్మాండ్? ఒళ్ళంతా దద్దుర్లెక్కితే నన్ను తిట్టుకుంటావ్!" అన్నారావిడ. రోజలీ గారూ, దద్దుర్లు ఎక్కాయి. తిట్టుకోవడం మాత్రం లేదు. (నవ్వులు)

కారణం చెబుతాను. ఐదేళ్ళ కిందట వసంతంలో దక్షిణ కరొలైనా నుంచి ఒక చర్చి బృందంతో మిస్ ఒడెస్సా ప్రిలో అనే పెద్దావిడ మన మ్యూజియానికి వచ్చారు. 'పూర్వపు మిల్లు కార్మికుల దుస్తులు' అని పలక తగిలించి ఉన్న ఇదే నమూనా బట్ట ముందు ఆగి, అంచును వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"ఈ నీలి చార మా ఇంట్లో పాత బొంతలో ఉంది నాయనా. మా ముత్తవ్వ గౌను ముక్క అది. పత్తి తోటలో బానిసగా ఉన్నప్పుడు యజమాని ఇచ్చిన బట్ట. కొత్తది తొడిగే ముందు మెడకి పంది కొవ్వు పూసుకునేదట, చర్మం గీరుకుపోకుండా. మరి ఇదేంటి, ఇంత మెత్తగా ఉంది? దేంతో ఉతుకుతారేం?"

ఆ ప్రశ్నే నన్ను చరిత్ర తరగతిలో కూర్చోబెట్టింది. బానిసలు పండించిన పత్తిని ఎలీషా గారు కొన్నారు. ఇక్కడ ఉత్తరాదిన, ఈ నది నీటి బలంతో ముతక బట్ట నేయించారు. తిరిగి ఆ తోటల యజమానులకే, ఆ బానిసల ఒంటి మీదికే అమ్మారు. మిల్లు కార్మికులు దాన్ని తొడిగిందే లేదు. ఇది రహస్యమేమీ కాదు. ఈ హాలులో సగం మందికి తెలుసు. పలక మార్చమని అడిగినప్పుడు అధ్యక్షురాలు గారు, "అబద్ధమని నేననడం లేదు అర్మాండ్. పిల్లల్ని వెంటేసుకుని ఆదివారం సరదాగా వచ్చేవాళ్ళ మొహాన దీన్ని కొట్టాలా అంటున్నాను," అన్నారు. ఆమె ఇంటిపేరు థర్లో. ఆ మాట వెనకనున్న నొప్పి నాకు తెలుసు. పలక మాత్రం ఈ ఉదయానికి కూడా అలాగే ఉంది.

మా పాత నేతగాడు లియో బాబాయి ఇంకా సూటిగా అన్నాడు: "చదువుకున్నావు గదా అని మనవాళ్ళ చేతులకి మసి పూస్తావుట్రా?" బాబాయ్, అలా మొహం తిప్పుకోకు. (నవ్వులు) మా మామ్మ అల్ఫాన్సీన్ ఈ గోడల మధ్యే చెవుడు తెచ్చుకుంది. ఆమె చేతులకు మసి పూయనిస్తానా? నేసిన వాళ్ళు చక్కగా నేశారు. ఎవరి కోసం నేయాలో నిర్ణయించినవాడు వేరు. ఆ నిర్ణయాన్ని మనవాళ్ళ పేరు రాసిన పలక వెనక దాచడమే వాళ్ళకు అవమానం.

అధ్యక్షురాలు గారూ, ఒక్కసారి ఇలా వచ్చి ఈ అంచును మీ మెడకు ఆనించుకోండి. (శ్రీమతి థర్లో లేచి వచ్చి అంచును మెడకు ఆనించుకున్నారు.)

"గుచ్చుకుంటోందయ్యా," అన్నారామె.

అంతే, అమ్మా. ఎవరికి గుచ్చుకుందో పలక మీద రాయమంటున్నాను.

మీ ఆదరానికి, ఇన్నేళ్ళ కూటికి కృతజ్ఞుణ్ణి. ఈ వస్త్రాన్ని ఇంటికి తీసుకుపోను. ఉతకకుండా మగ్గం పక్కనే, వచ్చినవారి చేతికి అందేలా వేలాడదీయండి. పలక మీద ఉండాల్సిన మాటలు నేను రాసుకొచ్చిన ఈ కాగితాన్ని ధర్మకర్తల సమావేశంలో శ్రీమతి థర్లో గారే పైకి చదవాలి. తరువాత లియో బాబాయి చదవాలి, కళ్ళజోడు పెట్టుకుని. రేపు నా స్థానంలో మగ్గం దగ్గర నిలబడే డెల్ఫీన్, మొదటి సందర్శకులు రాకముందే చదవాలి. ఒక ప్రతిని మిస్ ఒడెస్సాకు నేనే పంపుతున్నాను; ఆమె చదివి, దిద్ది, సరేనన్నాకే ఈ మాటలు పలక ఎక్కాలి.

సెలవు.