ఉత్త గుప్పిట

శాలువా ఏం చేసుకోనమ్మా, మీరే చెప్పండి? ఈ భాద్రపదం ఉక్కలో కప్పుకుని ఏ వీధి ఊరేగను? పైగా సభ అంటున్నారు, ఫొటో అంటున్నారు. ఇంత దూరం వచ్చి ముసలిదాన్ని ఇలా ఇరకాటంలో పెడితే ఎలాగండీ?

అయ్యో, కోపం కాదు ఉమాశ్రీ గారూ! నా గొంతే అంత. మీ రాజమండ్రి మహిళామండలి వాళ్ళు మంచివాళ్ళే. ఎవరు కాదన్నారు?

కూర్చోండి, కూర్చోండి. ఎసట్లో బియ్యం వేసేశాను, అన్నం ఉడికేలోపు మాట్లాడుకుందాం. శ్రమా? భలేవారే. ఇంటికొచ్చిన మనిషిని తినకుండా పంపడం మా వైపు ఎక్కడన్నా ఉందా?

ఏంటీ, మా గుప్పెడు బియ్యానికి మీరెలా సాయం చెయ్యాలీ అంటారా? అందరూ అదే అడుగుతారండీ. అడిగి, వాళ్ళకి తోచిందే చేస్తారు. తణుకు నుంచి ఒకాయన వాళ్ళమ్మ పేరు రాయించి ఇంత బోర్డు తెచ్చాడు. ఎక్కడ పెట్టను, నా నెత్తి మీదా? ఇంకొకావిడ పుట్టినరోజని కేకులు పంచింది. మా పాపాయమ్మ, బోసినోటి ముసల్ది, రెండు ముక్కలు నమిలి, "ఇదేం తిండమ్మా, దూదికి పంచదార పూసినట్టుంది" అంది. ఆ పూటకి దాని ఆకలి దానికి అలాగే ఉంది, పాపం.

కార్తీకమాసంలో చూడాలి! సమారాధనలని, పులిహోరలని, ఒకే రోజు ముగ్గురు పెడతామని వస్తారు. బాబూ, అది కోతలకాలం, అప్పుడు వాళ్ళకి కూలి దొరుకుతుంది, ఇప్పుడు పెట్టండయ్యా అంటే, "శూన్యమాసం కదండీ, మంచి రోజుల్లేవు" అంటారు. నాట్లు అయిపోయాయి. కోతలకి ఇంకా బోలెడు రోజులున్నాయి. ఈ మధ్యలో కూలీ ఎక్కడుంది, కూడెక్కడుంది? మీరు చెయ్యాలంటే ఇప్పుడు చెయ్యండి. బియ్యమే ఇవ్వండి. అంతే.

మాదేం పెద్ద విద్య కాదండీ. అన్నం వండేటప్పుడు ప్రతి ఇల్లాలూ ఒక గుప్పెడు బియ్యం తీసి పక్కన ముంతలో వేస్తుంది. శుక్రవారం శుక్రవారం మా అప్పాయమ్మ సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, తెచ్చి మా వంటింట్లో డబ్బాలో పోస్తుంది. ఆదివారం పొయ్యి వెలగని ఇళ్ళకి పంచుతాం.

మొదలెట్టింది నేనేనండీ. అందుకే ఇప్పటికీ సంచిలో మొదటి గుప్పెడు మా గుమ్మంలోనే పడాలి. నలుగురూ చూస్తారు కదా. భీమరాజు గారి భార్య వేసిందంటే మిగతావాళ్ళూ వేస్తారు.

ఆయనా? అదుగో, ఆ గోడ మీద ఫొటో. పోయి రెండేళ్ళయింది. ఊరంతా రొయ్యల చెరువులు తవ్వుతుంటే ఈయనా మా చేను తవ్వించారు. నాట్లకి పాతికమంది ఆడవాళ్ళు దిగే చేలో కాపలాకి ఒక్కడు మిగిలాడు. ఆ ఆడవాళ్ళ మొహాలు చూడలేకే ఈ గుప్పెడు మొదలెట్టాను. తర్వాత రొయ్యకి తెగులొచ్చింది. చెరువంతా తెల్లగా తేలిపోయింది. పూడ్పించి మళ్ళీ వరి వేద్దామంటే నేల ఉప్పెక్కిపోయింది, గింజ మొలవలేదు. ఆ దిగులుతోనే పోయారాయన. పిల్లలా, లేరు.

మేడ మాత్రం మిగిలింది. ఏం మేడలెండి, వానొస్తే పైనంతా గిన్నెలు పెట్టుకోవాలి. కానీ రోడ్డు మీంచి చూస్తే మేడే కదా! తెల్లకార్డు కోసం వెళితే అక్కడి అబ్బాయి లేచి నిలబడి కుర్చీ వేశాడు. "చెప్పండి మహాలక్ష్మమ్మ గారూ, ఎవరికి కావాలండీ కార్డు?" అన్నాడు. నాకేనని ఎలా చెప్పను? "అప్పాయమ్మకి బాబూ" అన్నాను. అప్పాయమ్మకి వచ్చింది!

నవ్వండి, నవ్వండి. నేనూ నవ్వుకుంటూనే ఇంటికొచ్చాను.

దాహమా? కుండ వంటింట్లోనే ఉంది, ముంచుకోండి. నా మోకాళ్ళు లేవనివ్వవు.

ఏంటమ్మా, అలా నిలబడిపోయారు? ఒకటే డబ్బా ఉందేంటా అనా? మా ఇంటి బియ్యం ఏవీ అనా?

ఆ తలుపు దగ్గరగా వెయ్యమ్మా. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, ఇక మీరూ గీరూ అనే ఓపిక లేదు నాకు.

మా ఇంటి బియ్యం లేవు. అయిపోయి చాలా రోజులైంది.

ఆ డబ్బా పేదవాళ్ళది. అందులో గింజ పోసేవాళ్ళు తినకూడదు, మోసేవాళ్ళు తినకూడదని అన్నవరం సత్యదేవుడి మీద ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతా ఒట్టు వేయించింది ఎవరనుకున్నావు? నేనే! నా నోరే! పెరట్లో ఆనపపాదు ఉంది. ఈ వారమంతా ఉప్పేసి ఉడకబెట్టిన ఆనపకాయ ముక్కలే తిన్నాను. బియ్యం డబ్బా పక్కనే కూర్చుని తిన్నాను.

శుక్రవారమా? శుక్రవారం ఏం చేస్తానంటే... ఇలా గుప్పిట బిగించి, అప్పాయమ్మ సంచిలోకి మోచెయ్యి దాకా పెట్టి, లోపల విప్పుతాను. ఉత్త గుప్పిట. చుట్టూ ఉన్నవాళ్ళు దణ్ణం పెడతారు. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా.

అప్పాయమ్మకి చెప్పనా? చెబితే అది తన కార్డు బియ్యం తెచ్చి పోస్తుంది. ఊరికి తెలిస్తే ముంతలు బోర్లిస్తారు. ఆవిడ తింటోందిట, మనం వేస్తున్నాంట అనుకోరూ? పాపాయమ్మ లాంటి వాళ్ళ నోటి దగ్గర కూడు పోదూ? మానెయ్యలేను, అడగలేను, తినలేను. ఎటు కదలను చెప్పు?

కానీ ఒట్టులో ఒక్క సందు ఉందమ్మా. ఆకలని గుమ్మం ఎక్కిన మనిషికి, ఏ ఊరైనా, ఏ కులమైనా, ఆ బియ్యం వండి పెట్టొచ్చు. ఆ మనిషి చిన్నబుచ్చుకోకుండా పెట్టినవాళ్ళు కూడా పక్కన కూర్చుని తోడు తినాలి. అదీ నేను పెట్టిందే. అప్పుడు నా కడుపు నిండుగా ఉండేది, ఊరికే మర్యాదకి పెట్టాను.

అందుకే నువ్వు చెప్పులు విప్పకుండానే అడిగాను, ఆకలేస్తోందా అమ్మా అని. "అవునండీ, పొద్దున్న కాఫీ తాగి బస్సెక్కాను" అన్నావు. ఎంత సంతోషం వేసిందో! ఒకళ్ళ ఆకలి చూసి సంతోషపడేదాన్నయ్యాను, చూశావా?

ఇంటికొచ్చిన మనిషిని తినకుండా పంపం అన్నాను చూడు, ఉత్త మర్యాదకి పెడుతున్నట్టు, అది అబద్ధం. ఇద్దరికి సరిపడా పోశాను. ఇంకో పిడికెడు ఎక్కువే పోశాను.

ఏడవకు. ఆ పర్సు లోపల పెట్టు. ఇప్పుడు ఏ కొట్టుకీ పరిగెత్తనక్కర్లేదు, అన్నం వార్చేశాను, పొగలు కక్కుతోంది. విస్తళ్ళు వేశాను రా.

అదేంటి, నాకు సయించదు, మీరే తినండి అంటావేంటి? అలా అనకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను. నీ జాలి నాకెందుకు, నీ ఆకలి కావాలి నాకు. కూర్చుని కలుపుకో, నాలుగు ముద్దలు తిను.

నువ్వు లేచావంటే నేనూ లేవాలి.