సరస్సును గడ్డ కట్టించిన ఫ్రిజ్

ప్రాక్ మావ మాట మొదలుపెట్టాడంటే నేను ఇంకో డికాషన్ దింపుకోవాల్సిందే. జనం కదలరు. పడవలు తెచ్చి నా కాఫీ కొట్టు తెప్పకి కట్టేసుకుని, వలలు ఆరేసుకోవడం కూడా మర్చిపోయి కూర్చుంటారు. ఆయన చెప్పేవన్నీ కోతలేనని అందరికీ తెలుసు. అయినా తొన్లే సాప్ సరస్సు నీళ్ళ మీద పుట్టి, తేలే ఇళ్ళలోనే పెరిగినవాళ్ళం, పొద్దుపోవడానికి మాకు ఇంకేముంది.

ఆ రోజు మాలిస్ మాత్రం పొద్దుపోక రాలేదు. వాళ్ళమ్మకి షుగరు. రెండు పూటలా సూదిమందు వేసుకోవాలి, ఆ మందు ఎప్పుడూ చల్లగా ఉండాలి. ఐసు పడవ రోజూ వచ్చినన్నాళ్ళూ ఫ్లాస్కులో ఐసు వేసి ఎలాగో నెట్టుకొచ్చింది. ఎండలు ముదిరి, నీళ్ళు తగ్గి, ఐసు పడవ మూడు రోజులకోసారి రావడం మొదలుపెట్టాక కష్టమొచ్చింది. పోయిన నెల మందు వేడికి పాడైతే తెలీక అదే వేసుకుంటూ వచ్చింది పెద్దావిడ, నాలుగోరోజుకి కళ్ళు తేలేసింది. పట్నం ఆసుపత్రిలో వారం రోజులుంచి పంపించారు. ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కదని నర్సమ్మ మాలిస్ ముఖం మీదే చెప్పింది.

పట్నం నుంచి సామాన్ల పడవ వచ్చి బడి తెప్ప పక్కన ఆగి ఉంది. అందులో ఎండతో నడిచే ఫ్రిజ్‌లు రెండున్నాయి. ఒకటి పైకి మూత తెరిచే చిన్న పెట్టె. రెండోది నిలువుగా ఉండి ముందుకి తలుపు తెరిచేది, అచ్చం ప్రాక్ మావ ఇంట్లో ఉన్నదాని లాంటిది. మధ్యాహ్నానికి ఆ పడవ వెళ్ళిపోతుంది, మళ్ళీ రావడం వానలు పడ్డాకే. మా ఊళ్ళో ఫ్రిజ్ కొన్న మొనగాడు ప్రాక్ మావ ఒక్కడే, పైగా మాలిస్ వాళ్ళ నాన్న బతికుండగా ఇద్దరూ కలిసి ఒకే వల వేసేవారు. అందుకే వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"రెండిట్లో ఏది తీసుకోను బాబాయ్?" అని అడిగింది.

ఒక్క మాటతో పోయే ప్రశ్న. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, భుజం మీద గళ్ళ తువ్వాలు సర్దుకున్నాడు. ఇక అయినట్టే అనుకున్నాను.

"ఏది తీసుకోవాలో తర్వాత తల్లీ, ముందు ఎలా ఎంచుకోవాలో తెలియాలి కదా. నేను కొన్న రోజు ఏం జరిగిందనుకున్నావ్? పట్నంలో కొట్టు, లోపల వరసగా పదహారు ఫ్రిజ్‌లు నిలబెట్టి ఉన్నాయి, కొట్టువాడు కాగితం పట్టుకుని ఇది ఇన్ని వాట్లు అది అన్ని లీటర్లు అని పాఠం చదువుతున్నాడు. ఆ కాగితం అవతల పెట్టవయ్యా అన్నాను. అని ఒక్కోదానికీ చెవి ఆనించి విన్నాను. నీళ్ళలో తెడ్డు దించి, తెడ్డుకి చెవి ఆనించి, అడుగున ఎన్ని కొరమీన్లున్నాయో అందులో ఎన్ని ఆడవో చెప్పే చెవి ఇది, మీకు తెలియనిదేముంది. మొదటి ఫ్రిజ్ ఆయాసపడుతోంది. రెండోది గురక. అయిదోదానికి లోపల ఏదో దిగులు. పదకొండోదాని దగ్గరికొచ్చేసరికి చడీ చప్పుడూ లేదు. అబ్బ, ఇదిరా పనిమంతురాలు అనుకుని దాన్నే పట్టుకొచ్చాను."

వలలు బాగుచేసే సారిన్ పక్కనే కూర్చున్నాడు. వాడికి ఊరుకోవడం రాదు. "దానికి కరెంటు పెట్టలేదేమో మావా," అన్నాడు.

"కరెంటు లేకుండానే పనిచేసే రకం అది, అదే కదా నేను చెప్తున్నది. విను. పడవలో ఇంటికి తెస్తున్నాను, ఎండ పట్టే పలక నా ఒళ్ళో ఉంది, ఇంకా తీగలు కూడా కలపలేదు, దారిలో కొన్న తాటికల్లు సీసా ఒకటి చోటులేక లోపల పడేశాను. ఇల్లు చేరేసరికి, ఎంత, గంట ప్రయాణం, ఆ కల్లు ఎంత చల్లబడిందంటే మా ఆవిడ ఒక్క గుక్క తాగి దవడ పట్టుకుని కూర్చుంది. ఆ పన్ను ఇప్పటికీ కదులుతూనే ఉంది, కావాలంటే వెళ్ళి చూసుకోండి. మర్నాడు ఐసు పడవవాడొచ్చాడు. నా ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చూసి గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు, అన్నా ఇక నేనెలా బతకాలి అని. నాకు జాలి ఎక్కువ కదా. పోనీలేరా అని రోజుకి రెండు దిమ్మలు నేనే వాడికి తీసి ఇచ్చేవాణ్ణి, అమ్ముకోమని. పోయినేడు మీరంతా తిన్న ఐసు నాదే. ఈ ఫల్లా కాఫీ అంత బాగుండేదంటే ఊరికే అనుకున్నారా?"

ఫల్లా అంటే నేనే. నా కాఫీ గొప్పతనం కూడా ఆయన ఖాతాలోకే పోయింది, చేసేదేముంది, ఇంకో గ్లాసు నింపి ఇచ్చాను.

మాలిస్ మాత్రం కంగారుపడింది. గడ్డ కడితే అమ్మ మందు పాడైపోతుంది బాబాయ్, చల్లగా ఉండాలి గానీ గడ్డ కట్టకూడదని నర్సమ్మ చెప్పింది, అంది.

"అదేం బెంగ పెట్టుకోకు. మనది మర్యాద తెలిసిన ఫ్రిజ్. మందు పెడితే మందుకి తగ్గట్టు, చేప పెడితే చేపకి తగ్గట్టు, పక్కపక్కనే పెట్టినా సరే దేని సంగతి దానిదే. చేప అంటే గుర్తొచ్చింది, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఎండలకి సరస్సులో చేపలన్నీ వేడెక్కిపోయి ఎక్కడ చల్లగా ఉందా అని వెతుక్కుంటూ వచ్చి మా ఇంటి కింద చేరాయి. తోసుకోవడాలు కూడా లేవు, వరసలో నిలబడ్డాయి, ముసలి చేపలు ముందు, పిల్లచేపలు వెనక. వల లేదు, గాలం లేదు, నేల చెక్క తీసి చెయ్యి పెట్టడం, చేతికందినదాన్ని తీసుకోవడం."

"మొన్ననేగా మావా నా దగ్గర వల బాగుచేయించుకున్నావ్," అన్నాడు సారిన్.

"ఉట్టి చేత్తో పట్టుకుంటే చేపలు చిన్నబుచ్చుకుంటున్నాయని వల వేస్తున్నాను. ఎదుటివాళ్ళ మర్యాద కూడా చూడాలి కదరా. సరే, చేపలొచ్చాయా, వాటి వెనకాల మొసలొచ్చింది. మన వుత్ ఇంటి కింద బోనులో పెంచుతాడే, అది. తప్పించుకుని వచ్చి నా నేల కింద పడుకుంది. పట్టపగలు టకటకా చప్పుడు. ఎవడ్రా మేకులు కొడుతున్నాడని తొంగిచూస్తే మొసలి పళ్ళు, చలికి వణికి కొట్టుకుంటున్నాయి. కళ్ళెంట నీళ్ళు. ఏం చేస్తాం, నా తువ్వాలు దాని మెడకి చుట్టి, వేడి గంజి పోసి, ఇంటికెళ్ళమని వీపు తట్టి పంపించాను. బుద్ధిగా వెళ్ళింది. తువ్వాలే ఇంకా తిరిగివ్వలేదు."

అప్పటికే నా తెప్ప ఒక పక్కకి ఒరిగింది, అంతమంది ఆయన వైపే జరిగారు. మాలిస్ బడి తెప్ప వైపు చూసింది. సామాన్ల పడవవాడు అమ్ముడుపోని బకెట్లు లోపల సర్దుకుంటున్నాడు. "ఇంతకీ ఏది తీసుకోను బాబాయ్," అని మళ్ళీ అడిగింది. ఆయనకి వినపడితే కదా.

"ఇంత చల్లదనానికి ఎండ ఎంత కావాలి? అది ఆలోచించారా మీరు? నా పలక ఎండని తాగుతుంటే అవతలివాళ్ళకి మిగల్లేదు. పగోడా తెప్ప మీద మిట్టమధ్యాహ్నం కాకముందే చీకట్లు కమ్మాయి. భిక్షువులు మధ్యాహ్నం దాటితే ముద్ద ముట్టరు కదా, పాపం పొద్దుపోయిందనుకుని మూడు రోజులు వరసగా పస్తులున్నారు. నాలుగోరోజు పెద్ద భిక్షువుగారే పడవ వేయించుకుని వచ్చి, ప్రాక్, మేము తినేదాకా ఆ పలక మీద గుడ్డ కప్పి పుణ్యం కట్టుకోవయ్యా అన్నారు. కప్పాను. ఇప్పటికీ కప్పుతున్నాను."

ఒక ముసలాయన నవ్వలేక దగ్గుతూ, ఇక ఆపు, చస్తాను అన్నాడు. ఆపడం మా మావకి చేతకాని పని. గొంతు తగ్గించి, ముందుకి వంగాడు.

"ఇవన్నీ వదిలెయ్యండి. పోయిన వానాకాలం నది వెనక్కి పారి సరస్సులో నీళ్ళు ఎదురుతిరిగిన రోజు గుర్తుందా? మీ ఇళ్ళన్నీ కట్టుకొయ్యల చుట్టూ గిర్రున తిరిగి ముఖాలు అటు పెట్టాయి, అవునా? నా ఇల్లు కదల్లేదు. ఎందుకు కదల్లేదు? చుట్టూ సరస్సు గడ్డ కట్టేసింది. కనుచూపుమేర తెల్లగా, పాలు పోసినట్టు. మా ఆవిడ చెప్పులేసుకుని దాని మీద నడుచుకుంటూ బజారుకెళ్ళి వంకాయలు తెచ్చింది. గట్టు మీంచి ఎడ్లబండి ఒకటి సరాసరి మా గుమ్మంలోకి వచ్చింది. చివరికి తెల్ల ఎలుగుబంటి, ఎక్కడి ఐసు దేశాలదో, వాసన పట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చుంది. ఇక్కడే ఉండిపోతానంటుంది. ఇంటికొచ్చినవాళ్ళని వెళ్ళమనలేం కదా, ఇంత ప్రహోక్ పెట్టాను. మన పులిసిన చేపముద్ద వాసన దానికేం తెలుసు, మూడు తుమ్ములు తుమ్మి వెనక్కి చూడకుండా పోయింది."

నా తెప్ప మీద గ్లాసులు కదిలేంతగా నవ్వారు. సారిన్ కూడా చేతులు జోడించాడు. మాలిస్ నవ్వలేదు. వాళ్ళ నవ్వు తగ్గేదాకా ఆగింది, ఫ్లాస్కు మూత తీసి, గుడ్డలో చుట్టిన రెండు మందు సీసాలు బయటికి తీసింది.

"అంత మంచి ఫ్రిజ్ మన ఊళ్ళోనే ఉండగా నేను ఇంకోటి కొనడం ఎందుకు బాబాయ్? అమ్మ మందు నీ దగ్గరే పెట్టు. పొద్దునా సాయంత్రం నేనే వచ్చి తీసుకెళ్తాను. ఇందాకే ఐసు కరిగిపోయింది, ఇప్పుడే వెళ్ళి పెట్టేద్దాం."

పెద్దవాళ్ళకి ఇచ్చినట్టే రెండు చేతులతో చాపింది. ఆమె ఎగతాళి చేయలేదు, ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది, ఎలుగుబంటిని కాకపోయినా ఆ ఫ్రిజ్‌ని మాత్రం నిజంగానే నమ్మింది. ఆయన కూడా రెండు చేతులతో అందుకున్నాడు. మేమంతా ఆయన నోటి వంక చూస్తున్నాం, ఇప్పుడు దీనికేం చెప్తాడా అని.

"వద్దు తల్లీ," అన్నాడు. "అందులో మీ పిన్ని బట్టలున్నాయి."

ఎవరో కిసుక్కున నవ్వి ఊరుకున్నారు.

"ఎలకలు కొట్టకుండా పెట్టుకుంది. అది చల్లబడి తొమ్మిది నెలలైంది." సీసాల వంకే చూస్తూ చెప్పాడు. మొదట్లో బాగానే పనిచేసిందట. గట్టు మీద ఇళ్ళకి బిగించినట్టే పలకని దక్షిణానికి బాగా వాల్చి, కదలకుండా మేకులు కొట్టించాడు. వానాకాలం నీళ్ళు ఎదురుతిరిగాయి, అందరి ఇళ్ళతోపాటు ఆయన ఇల్లూ తిరిగింది, పలక ఎండకి వీపు పెట్టేసింది. ఉన్న కాస్త చల్లదనం తలుపు తీసినప్పుడల్లా కాళ్ళ మీద నుంచి జారిపోయేది. బ్యాటరీ అడుగంటా దిగి చచ్చిపోయింది. నీళ్ళ మీద అరవై ఏళ్ళు బతికినవాణ్ణి, ఇల్లు తిరుగుతుందని తోచలేదు చూడు, అన్నాడు.

"మాకు చెప్తే పైకెక్కి తిప్పి పెట్టేవాళ్ళం కదా మావా," అన్నాడు సారిన్. ఈసారి వాడి గొంతులో వెటకారం లేదు.

"ఏమని చెప్పనురా? అప్పటికే ఐసు పడవవాడి కథ చెప్పేశాను మీకు."

నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. మోకాళ్ళ నొప్పులతో తను ఇంటిపైకి ఎక్కలేడు, ఇంకొకర్ని పిలిస్తే గుట్టు బయటపడుతుంది, తొమ్మిది నెలలుగా ఆ బట్టల బీరువా పక్కన కూర్చుని మమ్మల్ని నవ్విస్తున్నాడు.

"మూత పైకి తెరిచేది తీసుకో," అన్నాడు మాలిస్‌తో. "చిన్నదైనా చల్లదనం అడుగునే ఉంటుంది, మూత తీసినా పోదు. పలక ఇంటిమీద బల్లపరుపుగా వేయించు, ఇల్లు ఎటు తిరిగినా ఎండ తగులుతుంది. నేను కొనేటప్పుడు కొట్టువాడు అదే చూపించాడు. ఊళ్ళోకి తెస్తుంటే చిన్నదిగా కనపడుతుందని నేనే వద్దన్నాను."

నేను ఊకలో దాచుకున్న ఆఖరి ఐసు ముక్క తెచ్చి ఫ్లాస్కులో వేసి, దానికి తగలకుండా సీసాల చుట్టూ గుడ్డ దోపాను. ఆ పూటకి ఐసు కాఫీ లేదని అందరికీ అర్థమైంది, ఎవరూ అడగలేదు. బడి తెప్ప దగ్గర సామాన్ల పడవవాడు తాడు విప్పుతున్నాడు. ప్రాక్ మావ లేచి, ఆగవయ్యోయ్ అని ఒక్క కేక వేసి, మాలిస్‌ని తన పడవలో ఎక్కించుకున్నాడు. ఫ్లాస్కు తీసుకుని నేనూ ఎక్కాను. సారిన్ తెడ్డు వేశాడు.

మాలిస్ చిన్న పెట్టె చూపించగానే పడవవాడు ముఖం అదోలా పెట్టాడు. అది పెద్దగా ఎవరూ కొనరమ్మా అని దాన్ని కాలితో పక్కకి తోసి, నిలువు ఫ్రిజ్ తలుపు తెరిచి చూపించాడు. "తీసుకుంటే ఇది తీసుకో. సరస్సు చుట్టుపక్కల ఏ ఊరెళ్ళినా దీని గురించే చెప్పుకుంటున్నారు. ఈ వైపు ఊళ్ళోనే ఎవరో పెద్దాయన దీంతో చుట్టూ నీళ్ళని గడ్డ కట్టించాడట."

మాలిస్ ప్రాక్ మావ వంక చూసింది. మా వెనకాలే వచ్చిన పడవల్లో సగం ఊరుంది. ఆయన కథలు చెప్పే గొంతుతోనే, అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఆ పెద్దాయన నేనేనయ్యా. అబద్ధం చెప్పాను. నా ఫ్రిజ్‌లో మా ఆవిడ బట్టలున్నాయి. ఆ చిన్న పెట్టె దించు."